ల ప్యుయి పచ్చ పప్పు, ఒబ్రాక్ అలిగో: మా దక్షిణ ఫ్రాన్సు భోజనయాత్ర

లియోన్ నుంచి సెంటెత్యెన్ మీదుగా రైలులో సుమారు రెండున్నర గంటలు ప్రయాణించి, సెప్టెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం ల ప్యుయి-అన్-వెలె చేరుకున్నాము. అగ్నిపర్వత శిల మీద 268 మెట్ల ఎత్తున నిలిచిన సెయింట్ మిషెల్ ప్రార్థనాలయం ఈ ఊరికి గుర్తు. అయినా మమ్మల్ని అక్కడికి రప్పించినది ఆ గుడి కాదు, పప్పు.

ఆ పచ్చ పప్పు మన మసూరుకు దగ్గరి చుట్టమే. వృక్షశాస్త్రం ప్రకారం రెండూ ఒకే జాతి. ఓత్-ల్వార్ ప్రాంతంలోని అగ్నిపర్వత నేలల్లో, ఎత్తైన మైదానాల మీద, నీటి తడులు పెట్టకుండా పండిస్తారు. పర్వతాలు దాటి వచ్చే వేడి, పొడి గాలి గింజను త్వరగా పండించడం వల్ల తొక్క పలుచగా ఉండి, నానబెట్టకుండానే అరగంటలోపు ఉడుకుతుంది. 1996లో దీనికి మూలస్థాన గుర్తింపు, అంటే ఆ ప్రాంతంలో పండినదాన్నే ఆ పేరుతో అమ్మాలనే చట్టబద్ధ రక్షణ, లభించింది. శనివారం సంతలో సంచుల మీద ఆ ముద్ర చూసుకుని కొనాలి, ఎందుకంటే అదే రంగు పప్పు వేరే చోట్ల నుంచి కూడా వస్తుంది.

బసలలో మేము ఎంచుకున్నది పాతపట్టణంలోని చిన్న అతిథిగృహం. గది శుభ్రంగా ఉన్నా లిఫ్టు లేదు, రాళ్లు పరిచిన నిటారు వీధిలో పెట్టెలు మోయవలసి వచ్చింది. పెద్దవారితో వెళ్లేవారు రైలుస్టేషను దగ్గర ఉండడమే మేలు. భోజనం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. మాంసం లేకుండా పప్పు సలాడ్ కావాలని ఒక భోజనశాలలో స్పష్టంగా చెప్పినా, పళ్లెంలో పంది మాంసపు చిన్న ముక్కలు కనిపించాయి. అక్కడి వారికి అవి మాంసం లెక్కలోకి రాకపోవడమే కారణమని మాకు అనిపించింది. అందువల్ల ఆ ముక్కలను 'లార్దోన్లు' అంటారు గనుక, 'లార్దోన్లు వద్దు' అని పేరుపెట్టి చెప్పాలి. మరుసటి రోజు వేరొక చోట అలా చెప్పగానే ఆవాలముద్ద, వెనిగర్, చిన్న ఉల్లిపాయలతో కలిపి ఇచ్చిన గోరువెచ్చని పప్పు మా యాత్రలోనే ఉత్తమమైన వంటకం.

ఒబ్రాక్ పీఠభూమికి అద్దె కారు తప్పనిసరి. అక్కడి ఒక ఊరి పేరును 'లాగియోల్' అని చదివేరు, అక్కడి వారు 'లాయోల్' అంటారు. ఆ ఊరి చీజ్‌కు 1961 నుంచి మూలస్థాన గుర్తింపు ఉంది. అలిగో అనే అక్కడి వంటకం చేయడానికి ఉడికించిన బంగాళాదుంపలను మెదిపి, వెన్న, మీగడ, వెల్లుల్లితో పాటు ఇంకా పండని తాజా చీజ్ ముద్దను వేసి, చెక్క గరిటెతో ఆగకుండా తిప్పుతారు. సాగి తీగలుగా లేచేవరకు వంటమనిషి చెయ్యి ఆపదు. బస చేసిన పల్లెటూరి ఇంట్లో యజమానురాలు దీన్ని మా ముందే చేసి వడ్డించారు. ఆ ఆతిథ్యమే ఈ యాత్రలో అన్ని బసలకంటే గొప్పది. పాలు తోడుకోవడానికి దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు గనుక, కఠిన శాకాహారులు ముందే అడిగి నిర్ణయించుకోవడం మంచిది.

రోక్‌ఫోర్ గ్రామంలో కొండ పగుళ్ల గుండా చల్లని తేమగాలి ఆడే గుహల్లో గొర్రె పాల చీజ్ పండుతుంది. మూలస్థాన రక్షణ పొందిన తొలి చీజ్ ఇదే, 1925లో. గుహలు చూడదగినవే గాని, మా సందర్శనలో వివరణ అంతా ఫ్రెంచిలోనే సాగింది, రుచి చూపిన ముక్కలు చాలా చిన్నవి. ఉప్పు, ఘాటు ఎక్కువైన ఆ రుచి మా పిల్లలకు నచ్చలేదు. నాకు మాత్రం మూడో ముక్క దగ్గర అలవాటైంది. పూట కేటాయిస్తే చాలు, రాత్రి బస అక్కరలేదు.

హైదరాబాదుకు తెచ్చిన కిలో పప్పును మెదపబోతే సరిగా మెదగలేదు. గుగ్గిళ్లలా ఉడికించి, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేస్తే రెండు రోజుల్లో సగం సంచి ఖాళీ అయింది.