పెంపుడు జంతువు బొమ్మకు ఏది మేలు: పెన్సిలా, నీటిరంగులా, తైలవర్ణాలా?

మా ఇంట్లో పదకొండేళ్లు తిరిగిన రాజపాళయం కుక్క మల్లి కిందటి ఏడు పోయింది. ఇక్కడే, చెన్నై అన్నానగర్‌లో ఉండే మా పిన్ని ఇంట్లో కాటుక అనే నల్లపిల్లి ఉంది. రెండింటికీ బొమ్మలు గీయించాలన్న కోరిక ఒకే వారంలో పుట్టడంతో, దేనితో వేయించాలన్న చర్చ రెండిళ్ల మధ్య నెలరోజులు నడిచింది. అందులో తేలిన మొదటి సంగతి ఏమిటంటే, అందరూ ముందు ధర అడుగుతారు గాని, ముందు చూసుకోవలసింది జంతువు ఒంటి రంగు.

రాజపాళయం జాతికి గుర్తు పాలవంటి తెలుపు, గులాబిరంగు ముక్కు. తెల్లకాగితం మీద పెన్సిల్‌తో తెల్లకుక్కను గీయడమంటే కుక్కను వదిలేసి దాని చుట్టూ ఉన్న నీడను గీయడమే. వెనుకభాగం నల్లబరచకపోతే వెన్నుగీత కాగితంలో కలిసిపోతుంది, ఎంత నేర్పుగా నల్లబరిచినా ముక్కు మాత్రం బూడిదరంగులోనే మిగులుతుంది. మల్లిని వీధి చివరి నుంచి గుర్తుపట్టించేది ఆ ముక్కే కనుక పెన్సిల్ మాకు పనికిరాలేదు. కాటుకతో చిక్కు వేరు. పెన్సిల్ ములుకులోని గ్రాఫైటును ఎంత ఒత్తి రుద్దినా అది ముదురు బూడిదరంగు దగ్గరే ఆగిపోతుంది, పైగా వెలుతురు పడితే మెరుస్తుంది. నల్లపిల్లికి కావలసిన మెరుపులేని నలుపు చార్‌కోల్ బొగ్గుతో వస్తుంది, కాకపోతే చెయ్యి తగిలితే చెదురుతుంది కాబట్టి దానిపై ఫిక్సేటివ్ (బొగ్గుపొడిని కాగితానికి పట్టి ఉంచే ద్రవం) చల్లించుకోవాలి. గోధుమరంగు నాటుకుక్కలకూ చారల పిల్లులకూ పెన్సిల్ చక్కగా నప్పుతుంది, త్వరగా చేతికి వస్తుంది, ఖర్చూ తక్కువ.

నీటిరంగుల్లో తెలుపు అంటే కాగితమే. చిత్రకారుడు రంగు తాకించకుండా వదిలిన చోటే తెల్లని బొచ్చు అవుతుంది. నీడపట్టున లేతనీలం, కాస్త ఊదా పడితే ఒళ్లు గుండ్రం తిరుగుతుంది. మా మనసు చాలా రోజులు దీనిమీదే ఉంది. అయితే ఆ గులాబిముక్కుకు వాడే ఎరుపు ఏదో ముందే అడగాలి, ఎందుకంటే అలిజరిన్ క్రిమ్సన్ వంటి పాత ఎరుపులు వెలుతురుకు వెలిసిపోతాయి, అప్పుడు బొమ్మంతా నిలిచి ముక్కు ఒక్కటే పోతుంది. తప్పు పడితే దిద్దడమూ కష్టమే.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టినది మన ఊరి తేమ. మా తాతగారి పెన్సిల్ బొమ్మకు ఫ్రేము కట్టినతను అద్దాన్ని నేరుగా కాగితానికి ఆనించి బిగించాడు, మేము దాన్ని వాన కొట్టే గోడకు తగిలించాము. రెండు ఐప్పసి (అక్టోబరు-నవంబరుల్లో వచ్చే తమిళ నెల) వానలు దాటేసరికి తాతగారి చెంపల మీద గోధుమరంగు బూజుమచ్చలు లేచాయి. కాగితం మీది బొమ్మ ఏదైనా సరే, అద్దానికీ కాగితానికీ నడుమ మౌంటుబోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట) ఎడం ఉండాలి, వెనుక అట్ట ఆమ్లం లేనిదై ఉండాలి, తగిలించేది లోపలి గోడ అయి ఉండాలి.

తైలవర్ణానికి అద్దం అవసరం లేదు, ముక్కుకు గులాబీ, చెవి లోపలికి తేనెరంగు, తెలుపు మీద తెలుపు, అన్నీ పొరలు పొరలుగా వస్తాయి. ఓపిక మాత్రం కావాలి. అవిసెనూనె కలిసిన రంగు పైకి ఆరడానికే రోజుల నుంచి వారాలు పడుతుంది, వార్నిషు పూయడానికి సాధారణంగా ఆరు నెలలో ఏడాదో ఆగమంటారు. ఇంకో గుణం కూడా ఉంది: చీకట్లో ఉంచితే ఆ నూనె పసుపుబారుతుంది. తెల్లకుక్క బొమ్మను వెలుతురు రాని నడవలో పెట్టుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. మా హాలులో పగలంతా పరోక్షమైన వెలుతురు ఉంటుంది కనుక, ఖరీదు ఎక్కువైనా మల్లికి తైలవర్ణాన్నే ఖాయం చేసి, కాటుకకు చార్‌కోల్ చాలునని పిన్నికి చెప్పాను.

నిర్ణయానికి ముందు ఒక ఆదివారం చెన్నైలోనే ఉన్న ఇంజంబాక్కం వెళ్లి, 1966లో ఏర్పడిన చోళమండల్ కళాకారుల గ్రామంలో అసలు చిత్రాలను దగ్గర నుంచి చూశాము. సెల్‌ఫోనులో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. రంగు మందమూ కాగితపు గరుకూ కంటితో చూస్తేనే తెలుస్తాయి.

ఇచ్చే ఫోటో సంగతీ అంత ముఖ్యమే. ఫ్లాష్ వేస్తే కళ్లు పచ్చగా వెలుగుతాయి, మరీ దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉబ్బుతుంది. జంతువు కంటి ఎత్తులో కూర్చుని, కిటికీ వెలుగులో, కొంచెం దూరం నుంచి తీసినది కావాలి. మల్లి లేదు కనుక ఉన్నవాటిలోనే ఏరి ఇచ్చాము. చిత్రకారుడు కాన్వాసు మీద రంగు వేయకముందే చిత్తుగీతలు పంపితే, అమ్మ చూసిన వెంటనే పట్టేసింది: వీధికుక్క కొరికిన నొక్కు మల్లి ఎడమ చెవికి ఉండాలి, బొమ్మలో కుడిచెవికి ఉంది. మేమిచ్చినది సెల్ఫీ, ఫోను దాన్ని అద్దంలోలా తిప్పి దాచింది.