అరకు దారిలో నల్ల తేనె, పసుపు తేనె

డిసెంబరు మొదటి వారంలో నా శ్రీమతితోనూ మామగారితోనూ కలిసి విశాఖపట్నం నుంచి అరకు వెళ్లివచ్చాను. కిరండోల్ రైలు, బొర్రా గుహలు, కాఫీ తోటలు అన్నీ సవ్యంగానే గడిచాయి. రెండు రాత్రులకు 4,400 రూపాయలు పుచ్చుకున్న బసలో గీజరు పనిచేయకపోవడం తప్ప చెప్పుకోదగిన ఇబ్బంది లేదు. చెప్పుకోవలసినదల్లా తేనె గురించే.

రెండో రోజు 2,800 రూపాయలకు కారు మాట్లాడుకుని అనంతగిరి వైపు బయలుదేరాము. బొంగు చికెన్ అమ్మే పాకల వరుసలో ఒకచోట స్టీలు గంగాళం, దాని మీద అడ్డంగా పెట్టిన తేనెపట్టు, పట్టు మీద పాకుతున్న నాలుగైదు తేనెటీగలు కనిపించాయి. అమ్మే మనిషి అగ్గిపుల్లను తేనెలో ముంచి వెలిగించాడు. గ్లాసు నీళ్లలో చుక్క వేసి, అది కరగకుండా అడుగుకు దిగడం చూపించాడు. చివరకు "నలుపు ఎంత ఉంటే యాంటీ ఆక్సిడెంట్లు అంత సార్" అన్నాడు. ఆ మాట నేనూ ఎక్కడో చదివి ఉండడంతో బేరమైనా ఆడకుండా రెండు కిలోలకు 1,400 రూపాయలు ఇచ్చాను. మామగారు కారు దిగలేదు.

గదికి చేరాక ఆయన ఒక చుక్క నాలుకకు రాసుకుని, "అల్లుడుగారూ, ఇది మా ఊరి సరుకండీ" అన్నారు. ఆయనది అనకాపల్లి. బెల్లం మార్కెట్టు పక్కన పెరిగిన మనిషికి ముదురు పాకం వాసన ఒకరు చెప్పవలసిన పని లేదు. నా శ్రీమతి ఆ సాయంత్రమంతా ముక్తసరిగానే మాట్లాడింది.

ఆ అమ్మినవాడు చెప్పినది పూర్తిగా అబద్ధమైతే నేను పడేవాణ్ణి కాదేమో. మకరందం, పుప్పొడి ద్వారా వచ్చే ఫినాలిక్ పదార్థాలు, ఫ్లేవనాయిడ్లే తేనెకు యాంటీ ఆక్సిడెంట్ గుణాన్నిస్తాయి. ముదురు రంగు తేనెల్లో అవి సాధారణంగా ఎక్కువ. అయితే కాచినా, ఏళ్ల తరబడి నిలవ ఉంచినా కూడా తేనె నల్లబడుతుంది, అప్పుడు పెరిగేది చక్కెరలు విరిగి ఏర్పడే హెచ్.ఎం.ఎఫ్. అనే పదార్థం, కిలోకు 80 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార ప్రమాణాల నియమం. ఇక అగ్గిపుల్ల, నీటిచుక్క పరీక్షల్లో చిక్కటి బెల్లం పాకం కూడా నెగ్గుతుంది.

మూడో రోజు డ్రైవరే జాలిపడి ఒక గూడేనికి తీసుకెళ్లాడు. వలిసె అనే నూనెగింజల పంట పూలు వాడిపోతున్న చేను గట్టున చెక్కపెట్టెల్లో దేశవాళీ తేనెటీగలను పెంచుతున్నారు. రైతు ఒక పట్టు పైకి తీసి, మైనంతో మూసుకున్న గదుల పైపొరను కత్తితో గీకి, చేత్తో తిప్పే డ్రమ్ములో పెట్టి తిప్పాడు. మూత పడని గదులున్న పట్టును తిరిగి పెట్టెలోనే ఉంచేశాడు. అందులో ఇంకా నీరుంటుందట, తీస్తే పులుస్తుందట. లేత పసుపు రంగు, తీపి వెనుక సన్నటి పూల వాసన, కిలో 600 రూపాయలు. మామగారు అడగకుండానే రెండో సీసా కట్టించుకున్నారు.

అప్పుడే నాకు ఒక పాత తప్పు గుర్తుకు వచ్చింది. రెండేళ్ల కిందట శ్రీశైలం దారిలో కొన్న నల్లమల తేనె, కొండ తేనెటీగల పట్టు పిండినది, పలుచగా, నల్లగా, కాస్త వగరుగా ఉండేది. రెండు నెలలకు నురగలు పొంగి మూత లేవగానే కల్తీ అని పారబోశాము. తేమ 20 శాతం దాటితే అసలైన తేనె కూడా పులుస్తుందని అప్పటికి తెలియదు. నాకు ఆ నష్టమే ఎక్కువ బాధ కలిగిస్తోంది.

పట్టు తీయడం కళ్లారా చూసే వీలు లేనివారు రోడ్డు పక్క గంగాళాల జోలికి పోకుండా, 1956 నుంచి గిరిజనుల దగ్గర అటవీ ఫలసాయం కొంటున్న గిరిజన సహకార సంస్థ దుకాణంలో బిల్లు తీసుకుని కొనుక్కోవడం మేలు.

సంక్రాంతి నాటికి వలిసె తేనె సీసా అడుగున తెల్లగా పేరుకుంది. తేనెలో గ్లూకోజు వంతు ఎక్కువైతే అది సహజమే. నల్ల సరుకును మా అత్తగారు అరిసెల పాకంలో కలిపేశారు. మిగిలిన కాస్తా, వలిసె తేనె పక్కపక్కన పెట్టి చూపిస్తే, పక్కింటివారు పేరుకున్నదానిలో పంచదార కలిపారని, నల్లనిదే అడవి తేనె అని తేల్చారు.