కోనసీమలో అయిదు రోజుల ఓరియెంటీరింగ్ శిబిరం: మ్యాపు, కాలువలు, సరుగుడు తోటలు

స్వీడన్, ఫిన్లండ్ అడవుల మీద మంచు పేరుకునే నెలల్లో అక్కడి ఓరియెంటీరింగ్ (మ్యాపు, కంపాస్‌లతో దారి వెతుక్కుంటూ పరుగెత్తే ఆట) వాళ్ళు పోర్చుగల్, స్పెయిన్ తీరాలకు దిగి సాధన చేస్తారు. మనకు ధనుర్మాసమే పరుగుకు అదను. నరసాపురంలో రైలు దిగి, పంటు మీద వసిష్ఠ దాటితే చేరుకునే సఖినేటిపల్లి, మలికిపురం వైపు జరిగే ఈ శిబిరం ఆ అదను సరిగ్గా పట్టుకుంది. సార్వా కోతలు అయిపోయి, దాళ్వా నాట్లు అన్నిచోట్లా పడని రోజులవి. నాటు పడిన చేను మ్యాపులో నిషిద్ధం. గట్టు మీద నుంచే పోవాలి.

డెల్టాలో కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) కోసం వెతికి లాభం లేదు. 5 మీటర్ల అంతరంతో గీస్తే ఊరంతటికీ ఒక్క గీత పడకపోవచ్చు. ఇక్కడ చదవాల్సింది నీలం (నీళ్ళు), ఆకుపచ్చ (పరుగుకు అడ్డొచ్చే మొక్కలు, పొదలు). కింద ఏ పంటా లేని కొబ్బరి తోట తెలుపు, అంటే నిండు వేగం. లేత ఆకుపచ్చలో 60 నుంచి 80 శాతం వేగం అందుతుంది, మధ్య రకంలో 20 నుంచి 60, ముదురులో 20 లోపే. కొబ్బరి కింద కోకో వేసిన తోటలు ఈ మూడింటిలో ఎక్కడైనా పడవచ్చు. అందుకే ముద్రణ ముఖ్యం. మొదటి రెండు రోజులూ ఇంక్‌జెట్ మ్యాపులిచ్చారు. ఆకుపచ్చలు మూడూ ఒకటే అయిపోయాయి, పొగమంచు తడికి రంగు కారింది. మూడో రోజు నుంచి లేజర్ ప్రింటు, ప్లాస్టిక్ సంచీ ఇచ్చారు. మొదటి రోజే ఇవ్వాల్సింది.

శిబిరంలో అన్నింటికన్నా విలువైనది కాలువల పాఠం. కాలువ అవతలి కంట్రోల్‌కు (పరుగులో చేరుకోవాల్సిన గుర్తు ఉన్న చోటుకు) వంతెన మీదుగానే పోవాలి, ఆ వంతెన తోటల చాటున కనపడదు. నేరుగా వంతెనకే గురిపెట్టి 500 మీటర్లు పోతే, 5 డిగ్రీలు తప్పినా 44 మీటర్లు పక్కకు తేలతాం. కాలువ తగిలాక వంతెన కుడివైపో ఎడమవైపో తెలియదు. అందుకని కావాలనే వంతెనకు ఎడమగా, ఓ 60 మీటర్ల దూరంలో గురిపెట్టాలి. కాలువ తగలగానే కుడికి తిరగడమే. దీన్ని నాలుగు కాలువల మీద పదేపదే చేయించారు. మ్యాపు లేకుండా అడుగులు లెక్కపెట్టే సాధన కూడా ఉంది. నింపాదిగా పరుగెత్తితే 100 మీటర్లకు సుమారు 40 జంట అడుగులు, నడిస్తే 60 దాటతాయి.

కంపాస్ సంగతి కొనేముందే చూసుకోవాలి. స్కాండినేవియాకు సరితూచిన కంపాస్‌లో ముల్లు దక్షిణపు కొసకు బరువు పెడతారు, అక్కడ భూఅయస్కాంతం ఉత్తరపు కొసను గట్టిగా కిందికి లాగుతుంది కాబట్టి. మన దగ్గర ఆ లాగుడు చాలా తక్కువ. దక్షిణపు కొస వాలి, ముల్లు గూటికి రాసుకుంటుంది. పరుగులో అది ఆగి ఆగి తిరుగుతుంది. మన అక్షాంశాలకు సరితూచినదే అడగండి. శిబిరం వాళ్ళు అద్దెకిచ్చిన వాటిలో రెండు రకాలూ కలిసిపోయి ఉన్నాయి. పళ్ళెంలా సమంగా పట్టుకుని, ముల్లు తేలికగా తిరుగుతోందో లేదో చూసి తీసుకోవాలి.

పెద్ద లోపం మ్యాపు పాతబడటం. మ్యాపులో పసుపుగా, అంటే ఆరుబయలుగా ఉన్న చేను నేల మీద రొయ్యల చెరువైపోయింది, చుట్టూ వల కట్టారు, గట్టు మనిషెత్తు లేచింది. ఒక కంట్రోల్ అవతలే ఉండిపోయింది. ఇళ్ళు, తడికలు, డొంకలు దట్టంగా ఉన్న ఊరి భాగానికి 1:10,000 స్కేలు వాడటం ఇంకో తప్పు. అక్కడ 1:4,000 కావాలి, అప్పుడే సెంటీమీటరు 40 మీటర్లై సందులు కంటికి ఆనతాయి.

చివరి రెండు రోజులు అంతర్వేది వైపు సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు. ఈ రెండు రోజుల కోసమైనా వెళ్ళాలి. 2.5 మీటర్ల అంతరంతో గీసిన కాంటూర్లు ఇక్కడ నిజంగా పనికొస్తాయి, కాళ్ళ కింద ఆకు మెత్తగా పరుచుకుని ఉంటుంది. చిక్కల్లా చెట్ల వరుసలే. మన దారి వరుసకు ఏటవాలుగా ఉంటే కాళ్ళు తెలియకుండానే వరుస వెంట పోతాయి. ప్రతి 50 మీటర్లకూ కంపాస్ చూడాలి. లేత తోటలో దూరితే బయటపడటం కష్టం, చుట్టు తిరగడమే మేలు.

ఇనుప మేకుల బూట్లు సిమెంటు రోడ్ల మీద జారతాయి. రబ్బరు పళ్ళవే తేవాలి. దురదగొండికి మోకాళ్ళ దాకా మేజోళ్ళు తప్పవు. తెల్లవారగానే మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ముగించడం మంచి ఏర్పాటు. పరుగయ్యాక కొబ్బరి బోండాలు ఇచ్చారు గానీ, చెమటతో పోయే ఉప్పు అందులో తక్కువ. ఉప్పేసిన మజ్జిగ కూడా పెట్టాలి. ఎలక్ట్రానిక్ పంచింగ్ (కంట్రోల్ చేరినట్టు పరికరంతో నమోదు చేయడం) ఉంది కాబట్టి ప్రతి కంట్రోల్‌కూ పట్టిన సమయం చీటీ మీద చేతికొస్తుంది. రాత్రి ఎవరి దారి వాళ్ళు మ్యాపు మీద గీసి, ఆ చీటీతో పోల్చుకునే గంట చాలా బాగా నడిపారు.

డబ్బు కట్టేముందు మ్యాపును నేల మీద ఎప్పుడు సరిచూశారో అడగండి. తేదీలు కూడా చూసుకోండి: సంక్రాంతి మూడు రోజులు, భీష్మ ఏకాదశికి అంతర్వేది కళ్యాణం రోజులు పడితే పంటు దగ్గరే సగం పూట పోతుంది.