తెలుగు వీడియోలను చదువుకుంటున్నాను: లైవ్ ట్రాన్‌స్క్రైబ్ ఎలా ఉందంటే

ఎడమ చెవి నాకు చిన్నప్పుడే పోయింది. కుడి చెవికి మిషన్ ఉంది గానీ, ఫోన్ స్పీకర్లోంచి వచ్చే మాట దానితో విన్నా ముద్దగానే ఉంటుంది. అందుకని రెండేళ్లకు పైగా తెలుగు వీడియోలు లైవ్ ట్రాన్‌స్క్రైబ్‌తోనే చూస్తున్నాను. వీడియో ఒక ఫోన్‌లో, యాప్ పాత ఫోన్‌లో. పక్కపక్కన పెడితే మాట వెనకాలే అక్షరాలు పడుతుంటాయి.

గూగుల్ 2019లో అమెరికాలోని బధిరుల విశ్వవిద్యాలయం గాలడెట్‌తో కలిసి తెచ్చిన ఉచిత యాప్ ఇది. ఎదురుగా ఉన్న మనిషి మాటను రాసి చూపించడం దీని అసలు పని. నేను వీడియోలకు వాడుకుంటున్నానంటే గతిలేకే. ఫోన్‌లో వచ్చే మాటను అదే తెర మీద రాసి చూపే లైవ్ క్యాప్షన్ ఒకటి ఉంది గానీ, నా ఫోన్‌లోని దానికి తెలుగు రాదు మరి.

వార్తలు చదివేవాళ్ల తెలుగును చక్కగా పట్టుకుంటుంది. పోటీ పరీక్షల క్లాసులూ పర్వాలేదు. వెనక మ్యూజిక్ గట్టిగా పెట్టారా, సగం మాటలు గల్లంతే. నలుగురూ ఒకేసారి అరిచే చర్చల్లో ఎవరేమన్నారో తేల్చుకోవడం నా వల్ల కాక మానేశాను (పెద్దగా పోయిందేమీ లేదు లెండి).

చిక్కంతా మా సిక్కోలు మాటతోనే. మాది సోంపేట వైపు. తుపాను నష్టం మీద ఒక వీడియోలో ఉద్దానం రైతు మాట్లాడుతున్నాడు. తెర మీద "జీడి చెట్లన్నీ పడిపోని హాయి" అని పడింది. తోట పోయిన మనిషికి హాయేమిటని పక్కనున్న మా తమ్ముడిని అడిగితే, ఆ రైతు అన్నది "జీడి సెట్లన్నీ పడిపోనాయి" అని చెప్పాడు. సెట్టింగ్స్‌లో మనకు కావలసిన పేర్లు చేర్చుకోవచ్చు. కవిటి, కంచిలి, శ్రీముఖలింగం చేర్చాక ఊళ్ల పేర్లు చాలావరకు కుదుటపడ్డాయి. యాస మాత్రం అలా లొంగదు. అది పేర్లలో కాదు, క్రియల చివర్లలో ఉంటుంది. వాటిని ఎన్నని చేరుస్తాం?

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ యాప్ లేదు. ఇప్పుడు తుపాను కబురు రాగానే అధికారుల లైవ్‌లు దీంతోనే చదువుతున్నాను. గాలి వేగం, ప్రమాద హెచ్చరిక నంబర్ లాంటి అంకెలను మాత్రం ఇంట్లో ఎవరినైనా అడిగి సరిచూసుకుంటాను. ఇంకో టెన్షన్ ఏంటంటే, నా ఫోన్‌లో తెలుగు పనిచేయాలంటే నెట్ ఉండాలి. సరిగ్గా అవసరమైన వేళకే సిగ్నల్ పోతుంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మీడియాలో క్యాప్షన్లు, సంజ్ఞా భాషతో పాటు ఆడియో డిస్క్రిప్షన్ (తెర మీద కనబడేదాన్ని మాటల్లో చెప్పడం) కూడా ఉండేలా చూడమని ప్రభుత్వానికి చెబుతోంది. ఆ చివరిది ఎందుకో చూపు లేని నా మిత్రుడొకరి వల్ల తెలిసింది. మాట లేకుండా పాట, అక్షరాలతో నడిచే వంట వీడియోలు నాకు మహా సుఖం. అతనికి వినబడేది పాటొక్కటే. ఉప్పు ఎంతో, ఎప్పుడు దించాలో తెలియదు. పక్కా లెక్క అక్షరాల్లో ఉన్నా, అవి బొమ్మలో కలిసిపోవడంతో అతని ఫోన్‌లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ చదవలేకపోతోంది. వండే ఆవిడ అదే నోటితో చెబితే అతనికి సరిపోతుంది, అది టైపు చేసి క్యాప్షన్‌గా పెడితే నాకూ సరిపోతుంది.

నా మార్కులు వార్తలకు పదికి ఎనిమిది, మా యాసకు నాలుగు. కొత్తగా పెట్టుకునేవాళ్లు హిస్టరీ సెట్టింగ్ ముందే ఆన్ చేసుకోండి. నా దాంట్లో రాసినది మూడు రోజులు ఉంటుంది, ఈలోగా కావలసింది కాపీ చేసుకోవచ్చు.