నంబరు కళ్లద్దాలు ఆన్‌లైన్‌లో కొనడం: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

నా కుడి కన్ను పవర్ మైనస్ 5.50, ఎడమ కన్ను మైనస్ 4.75. దానికి తోడు కాస్త సిలిండర్ (ఒకే కంటికి ఒక దిక్కులో ఒక పవర్, ఇంకో దిక్కులో ఇంకో పవర్ ఉండటం) కూడా ఉంది. అద్దాలు తీస్తే ఎదురుగా వచ్చే మనిషి ఎవరో గుర్తుపట్టలేను. గుంటూరు అరండల్‌పేటలో ఒకే షాపులో చాలా ఏళ్లు చేయించుకున్నాను. ఆ తర్వాత ఆన్‌లైన్‌కి మారాను, ఇంట్లోవాళ్లకి కూడా కొని చూశాను. కొన్ని చక్కగా కుదిరాయి, కొన్ని కుదరలేదు. కుదరనివాటిలో పవర్ దాదాపు ఎప్పుడూ సరిగ్గానే ఉంది. తేడా వచ్చిందల్లా డాక్టరు చీటీ మీద ఉండని కొలతల్లోనే. అందుకే ఏ సైట్ మంచిది అనేదాని కంటే ఆ కొలతల గురించే ఎక్కువ రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది పీడీ. అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. పెద్దవాళ్లలో చాలామందికి 54 నుంచి 74 లోపు ఉంటుంది. అద్దాలు చేసే షాపువాళ్లే దీన్ని కొలుచుకుంటారు కాబట్టి చీటీలో సాధారణంగా రాయరు. ప్రతి అద్దానికీ ఒక కేంద్రం ఉంటుంది, అది సరిగ్గా కంటిపాప ఎదురుగా రావాలి. పక్కకి జరిగితే అద్దం ప్రిజంలా పనిచేసి చూపును పక్కకి లాగుతుంది. ఎంత లాగుతుందో తెలుసుకోవడం తేలికే: కేంద్రం ఎన్ని సెంటీమీటర్లు జరిగిందో దాన్ని పవర్‌తో గుణించాలి. మైనస్ ఒకటి ఉన్నవాళ్లకి 3 మిల్లీమీటర్ల తేడా వస్తే 0.3 (దీన్ని ప్రిజం డయాప్టర్లలో చెబుతారు) మాత్రమే, చాలామందికి తెలియను కూడా తెలియదు. నా కుడి కంటికి అదే తేడా 1.65 అవుతుంది. ఆన్‌లైన్ అద్దాల గురించి ఒకరు బ్రహ్మాండం అని, ఇంకొకరు తలనొప్పి అని చెప్పడానికి ఇదొక పెద్ద కారణం అని నా నమ్మకం.

నాకు ఇది అనుభవమే. ఆర్డర్‌లో పీడీ 61 అని ఇచ్చాను. వచ్చిన జత పెట్టుకుంటే అక్షరాలు బాగానే ఆనాయి, కానీ సాయంత్రానికల్లా కళ్లు లాగడం, కణతల దగ్గర నొప్పి. కొత్త అద్దాలు కదా, అలవాటు కావాలి, కొన్నాళ్లు ఆగమన్నారు కస్టమర్ కేర్ వాళ్లు. నేను ఆగలేదు, పాత షాపుకి తీసుకెళ్లాను. షాపాయన లెన్సోమీటర్ (అద్దం పవర్, కేంద్రం చూసే మిషన్) మీద పెట్టి, రెండు కేంద్రాల దగ్గర చుక్కలు పెట్టి, స్కేలుతో కొలిచారు. 66 వచ్చింది. "పవర్ కరెక్టేనమ్మా, సెంటర్లే దూరంగా పడ్డాయి" అన్నారు. స్కేలుతో సహా ఫోటో తీసి పంపాక సైట్‌వాళ్లు మారు మాట్లాడకుండా కొత్త జత పంపారు. అప్పటి నుంచి వచ్చిన ప్రతి జతనీ ఆయన దగ్గర చెక్ చేయిస్తున్నాను, అడిగినంత ఇస్తున్నాను. ఆయన దగ్గర కొనకుండా ఆయన మిషన్‌ని ఉచితంగా వాడుకోవడం న్యాయం కాదు.

పీడీ కోసం ఫోన్ యాప్‌లు నుదుటి మీద ఏటీఎం కార్డు పెట్టుకోమంటాయి. కార్డు వెడల్పు ఎక్కడైనా 85.6 మిల్లీమీటర్లే కాబట్టి దాన్నిబట్టి లెక్క కడతాయి. తక్కువ పవర్ ఉన్నవాళ్లకి అది చాలు. మైనస్ మూడు, నాలుగు దాటితే మాత్రం కంటి పరీక్ష చేసినచోటే పీడీ కొలిపించి, కుడి ఎడమలకి విడివిడిగా చీటీ మీద రాయించుకోండి. ముక్కు నుంచి రెండు పాపల దూరం ఒకేలా ఉండాలనేం లేదు.

ఇక ఫ్రేమ్. మోడల్‌ని చూసి మురిసిపోయే ముందు కాడ లోపలివైపు ఉండే అంకెలు చూడాలి. 48-18-140 అని ఉంటే అద్దం వెడల్పు 48, మధ్యలో ముక్కు మీది భాగం 18, కాడ పొడవు 140. మొదటి రెండూ కలిపితే 66. ఈ మొత్తం మన పీడీకి ఎంత దగ్గరగా ఉంటే మైనస్ అద్దం బయటి అంచు అంత పలచగా వస్తుంది. నా 61కి 54-18 ఫ్రేమ్ తీసుకుంటే, ఎంత ఖరీదైన లెన్స్ వేసినా పక్కనుంచి మందంగానే కనిపిస్తుంది. సైట్‌లో మొహం మీద ఫ్రేమ్ పెట్టి చూపించే సదుపాయం అందం వరకు పనికొస్తుంది, ముక్కు మీద జారుతుందో లేదో చెప్పదు. ఇప్పుడు వాడుతున్న పాత ఫ్రేమ్ అంకెలకి దగ్గరగా ఉన్నదే కొంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

లెన్సుల్లో నాకు 1.6 ఇండెక్స్ బాగా నచ్చింది. ఈ ఇండెక్స్ అంకె పెరిగేకొద్దీ అదే పవర్‌కి లెన్స్ పలచగా వస్తుంది. 1.67 ఇంకాస్త పలచగా ఉంటుంది గానీ, ఓరగా చూసినప్పుడు ట్యూబ్‌లైట్ అంచుల్లో రంగులు కనిపించాయి. 1.74 నా పవర్‌కి అనవసరం. బ్లూ కట్ (స్క్రీన్ల నీలి కాంతిని తగ్గించే లెన్స్) కోసం అదనంగా డబ్బు పెట్టకండి. 17 ప్రయోగాలను పరిశీలించి 2023లో వచ్చిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే సంస్థ) సమీక్ష, కంప్యూటర్ ముందు కళ్ల అలసట తగ్గించడంలో మామూలు అద్దాల కంటే వాటివల్ల పెద్ద లాభం కనిపించడం లేదని తేల్చింది. రిఫ్లెక్షన్ తగ్గించే కోటింగ్ మాత్రం తప్పకుండా వేయించుకోవాలి. రాత్రిపూట మంగళగిరి హైవే మీద ఎదురు లైట్లు పడేవాళ్లకి దాని విలువ తెలుస్తుంది.

డబ్బు సంగతికొస్తే, షాపులో ఏడు వేలు చెప్పిన జతలాంటిదే నాకు మూడు వేల చిల్లరలో వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నంబరు కళ్లద్దాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి బిల్లులో ఆ అంకె చూసుకోండి, షాపులోనైనా సరే.

ప్రోగ్రెసివ్ అద్దాల (దూరానికీ దగ్గరకీ కలిపి ఒకే అద్దం) విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిది: ఆన్‌లైన్‌లో కొనవద్దు. మా నాన్నకి చత్వారం, దూరం పవర్ రెండూ ఉన్నాయి. ఆయనకి తెప్పించిన జతలో పేపర్ చదవాలంటే గడ్డం పైకెత్తాల్సి వచ్చేది, మెట్లు దిగుతుంటే కాళ్ల కింద నేల అలుక్కుపోయినట్టు కనిపించేది. ప్రోగ్రెసివ్‌లో పై నుంచి కిందికి పవర్ మారుతూ వస్తుంది. అందుకని ఫ్రేమ్ మొహం మీద పెట్టి, మనిషి మామూలుగా నిలబడినప్పుడు కంటిపాప ఏ ఎత్తులో వస్తుందో గుర్తు పెట్టాలి. ఆ ఎత్తు ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మారుతుంది, ఫోటో చూసి చెప్పలేరు. పెద్దవాళ్లు మెట్ల మీద తడబడితే ఆ నష్టం ముందు మిగిలిన మూడు వేలు ఏ లెక్క? ఆ జత వెనక్కి పంపేసి, ఆయనకి షాపులో కొలతలు తీయించి చేయించాం. అవి పెట్టుకుని ఇప్పుడు హాయిగా చదువుకుంటున్నారు.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. సైట్‌వాళ్లు ఇంటికొచ్చి చేసే కంటి పరీక్ష వాళ్లకి చాలదు. దగ్గరి చూపు కోసం బిగుసుకునే శక్తి పిల్లల కంటికి ఎక్కువ, అందువల్ల దాన్ని సడలించే చుక్కల మందు కంట్లో వేయకుండా చూస్తే లేని మైనస్ వచ్చే ప్రమాదం ఉంది. పెదకాకాని శంకర కంటి ఆసుపత్రో, తాడిగడప ఎల్‌వీ ప్రసాదో, చుక్కలు వేసి చూసేచోటికే తీసుకెళ్లండి. నాలా ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లు కూడా అప్పుడప్పుడూ రెటీనా చూపించుకోవాలి, అది ఏ సైట్‌వాళ్లూ చేసే పని కాదు.

మన ఎండల గురించి ఒక మాట. మా తమ్ముడి జత మే నెలలో స్కూటర్ డిక్కీలో ఉండిపోతే, కోటింగ్ మొత్తం ఎండిన చెరువు అడుగులా బీటలిచ్చింది. వేడికి ప్లాస్టిక్ లెన్స్ ఎక్కువ సాగుతుంది, పైన ఉన్న కోటింగ్ అంత సాగదు. పాలిష్ చేస్తే పోయేది కాదు, లెన్సులు మార్చాల్సిందే. ఆన్‌లైన్‌లో లెన్సులు మాత్రమే మార్చాలన్నా ఫ్రేమ్‌ని కొరియర్‌లో పంపి ఎదురుచూడాలి, అందుకే ఆ పని అరండల్‌పేటలోనే చేయించాం.