వేడి తగ్గించామని చెప్పి స్పీడు కోసి ఇచ్చారు: నల్లగొండలో లాప్‌టాప్ సర్వీసింగుకు ఇచ్చేవాళ్లు జాగ్రత్త

నల్లగొండలో లాప్‌టాప్ సర్వీసింగుకు ఇవ్వాలనుకునేవాళ్లు దయచేసి ఇది చదివి వెళ్లండి. షాపు పేరు రాయను. అక్కడ ఒక్కసారి ఇచ్చినవాళ్లకు రెండు ముక్కలు చదవగానే ఏ షాపో తెలిసిపోతుంది. నిన్న సాయంత్రమే అక్కడి నుంచి తిరిగొచ్చాను. కోపం ఇంకా దిగలేదు, వరస తప్పితే ఏమీ అనుకోకండి.

మాది మిర్యాలగూడ. మా ఆయన పెళ్లిళ్లకు వీడియో తీస్తారు, ఎడిటింగ్ నేను చేస్తాను. 2022లో కొన్న గేమింగ్ లాప్‌టాప్, ఐ7 11800హెచ్ ప్రాసెసర్. దాంట్లో గేమ్‌లు ఆడేది మా తమ్ముడు. నాకు మాత్రం అది బతుకుతెరువు. మా ఇంటి వెనక రైస్ మిల్లు ఉంది. ఊక దుమ్ము సంగతి మా ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు, పొద్దున తుడిచిన బల్ల మధ్యాహ్నానికి మళ్లీ గరగరలాడుతుంది. అలాంటి చోట పెట్టుకుని కొన్నప్పటి నుంచి ఒక్కసారీ లోపల శుభ్రం చేయించలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

ఎండలు ముదిరాక ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిందంతా కలిపి ఒకే వీడియో ఫైలుగా తయారుచేయడం) పెట్టగానే టెంపరేచర్ 97, 98కి పోయేది. ఈ ప్రాసెసర్‌కు హద్దు 100 డిగ్రీలు. ఆ హద్దు దగ్గరికి రాగానే అది కాలిపోకుండా తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. ఫ్యాన్ల మోతకు పక్క గదిలో మా అత్తమ్మకు నిద్ర పట్టేది కాదు. కీబోర్డు పైవరస మీద వేలు ఆనిస్తే చురుక్కుమనేది. నల్లగొండలో ఆ షాపులో బాగా చేస్తారని ఎవరో చెబితే బస్సెక్కి తీసుకెళ్లి ఇచ్చాను.

లోపలంతా క్లీన్ చేసి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే మంచి థర్మల్ పేస్టు వేసి, అదే పని చేసే మెత్తటి ప్యాడ్లు కొత్తవి మారుస్తామని 2,800 అన్నారు. ముందే కట్టాను. నా ముందే ఓపెన్ చేయమని అడిగితే లోపల రూముకు కస్టమర్లను రానియ్యమన్నారు. అక్కడే లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చేయాల్సింది. నా ప్రాజెక్టులన్నీ ఉన్న వస్తువు వాళ్ల చేతిలో పెట్టి, సరేనని తలూపి వచ్చాను.

మూడు రోజుల తర్వాత వెళితే ఓనర్ కౌంటర్ మీదే టెస్టు పెట్టి చూపించాడు. ఐదు నిమిషాలు పూర్తి లోడ్ మీద నడిపినా 66 దాటలేదు. ఫ్యాన్ చప్పుడే లేదు. 98 చూసీ చూసీ ఉన్న నాకు ఆ 66 చూడగానే ప్రాణం లేచొచ్చింది. పైగా ఒక చిన్న ప్లాస్టిక్ కవర్ చేతిలో పెట్టాడు, నిండా దుమ్ము. "ఇదంత మీ దాంట్లకెల్లి తీసిందే మేడమ్, ఇంటికి తీస్కపోయి చూపియ్యుండ్రి" అన్నాడు. నిజంగానే తీసుకెళ్లి మా అత్తమ్మకు చూపించాను.

ఆ కవర్లో దుమ్ము నల్లగా, బూడిద కలిసినట్టు ఉంది. మా ఇంట్లో దుమ్ము ఎండుగడ్డి రంగులో ఉంటుంది. రోజూ చీపురు పట్టి ఊడ్చేదాన్ని నేనే. ఆ తేడా నా కంటికి ఆనలేదు. నాలుగు రోజులుగా తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తోంది.

ఇంటికొచ్చి గంటా పది నిమిషాల పెళ్లి సినిమా ఎక్స్‌పోర్ట్ పెట్టాను. మునుపు అంత వేడిలో కూడా 50 నిమిషాల్లో అయ్యేది. ఈసారి రెండు గంటలు దాటినా పూర్తి కాలేదు. ప్రాజెక్టు పాడైందేమోనని సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను, ఫైళ్లు వేరే డిస్కుకు మార్చాను, రెండు రాత్రులు పడుకోలేదు. ఆ పెళ్లివాళ్లు తమ అమ్మాయికి ఒడిబియ్యం పోసే రోజు చుట్టాలందరి ముందు ఆ వీడియో వేయాలనుకున్నారు. అందించలేకపోయాను. ఆ అమ్మాయి తండ్రి ఫోన్లో ఒక్క మాట గట్టిగా అనలేదు, మిగతా డబ్బుల్లో 5,000 తగ్గించుకుని ఇచ్చారు. ఆయన్ని తప్పు పట్టను.

శనివారం మా తమ్ముడు వచ్చి, ప్రాసెసర్ ఎంత స్పీడుతో నడుస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి చూశాడు. లోడ్ పూర్తిగా ఉన్నప్పుడు కూడా స్పీడు 1.58 గిగాహెర్ట్జ్ దగ్గర అతుక్కుని ఉంది. ఈ ప్రాసెసర్ బేస్ స్పీడే, అంటే మామూలు స్పీడే 2.3, పని ఎక్కువైనప్పుడు తానే పెంచుకునే టర్బోలో 4.6 దాకా పోతుంది. "అక్కా, దీనికి ఎవరో పగ్గం వేసిన్రే" అన్నాడు. కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, అందులో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్. అక్కడ మాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ అనే చోట, అంటే ప్రాసెసర్‌ను ఎంత శాతం దాకా పోనివ్వాలో చెప్పే చోట, 100 ఉండాలి. 70 ఉంది. చార్జర్ పెట్టినా 70, తీసినా 70.

నేను 2,800 కట్టింది ఆ అంకె మార్చినందుకు. అరనిమిషం పని. ప్రాసెసర్ నెమ్మదిగా నడిస్తే కరెంటు తక్కువ తాగుతుంది, కరెంటు తగ్గితే వేడి తగ్గుతుంది. నాకు చూపించిన 66 ఆ రకంగా వచ్చింది. అక్కడ 99 పెట్టుకుంటే టర్బో ఆగిపోయి వేడి తగ్గుతుందని గేమ్‌లు ఆడేవాళ్లలో చాలామందికి తెలుసు, కావాలని పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అది తప్పని అనను. నాకు చెప్పి చేసి, సర్వీసింగ్ డబ్బులు తీసుకోకపోయి ఉంటే నేనూ ఏమీ అనేదాన్ని కాదు.

మళ్లీ 100 పెట్టి టెస్టు నడిపితే రెండు నిమిషాల్లో 98.

అప్పుడు కూడా లోపల ఓపెన్ చేసే ఉంటారని, పేస్టు సరిగ్గా వేయలేదేమోనని అనుకున్నాను. నాలుగు గ్రాముల పేస్టు ట్యూబు ఆన్‌లైన్లో తెప్పించుకున్నాం, ఏడు వందల లోపే అయింది. మంగళవారం రాత్రి మంచం మీద తెల్ల తువ్వాల పరిచి మేమే విప్పాం. ఏ స్క్రూ ఎక్కడిదో కలిసిపోకుండా ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరసగా వేశాను. కింది మూత లేవగానే మా తమ్ముడు ముందు బ్యాటరీ వైరు ఊడదీశాడు. తర్వాత ఫ్యాన్ విప్పాడు.

ఫ్యాన్‌కూ గాలి బయటికి పోయే రాగి రేకుల వరసకూ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. బ్రష్షుతో కాదు, చిమటాతో పట్టుకుని లాగితే ఒకే ముక్కగా ఊడొచ్చింది. ఎండుగడ్డి రంగు. మా మిల్లు దుమ్మే. మధ్యలో ఊక పొట్టు ముక్కలు మెరుస్తూ కనిపిస్తున్నాయి. గాలి పోయే దారే లేదు. ప్రాసెసర్ మీద కూర్చుని వేడిని లాగే హీట్‌సింక్ స్క్రూల్లో ఒకదాని మీద కంపెనీవాళ్లు అతికించిన చిన్న గుండ్రటి స్టిక్కర్ ఉంది, దానికి గీత కూడా పడలేదు. ఆ స్టిక్కర్ చించకుండా హీట్‌సింక్ తీయడం కుదరదు. కింద పేస్టు ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలింది. ప్యాడ్లు పాతవే, మార్చిన ఆనవాలు లేదు. అంటే మూడు రోజులు పెట్టుకుని ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు. కౌంటర్ మీద నాకిచ్చిన కవర్లో ఉన్నది ఎవరింటి దుమ్మో!

నిన్న ఫొటోలన్నీ ఫోన్లో పెట్టుకుని, ఓనర్ ఇచ్చిన దుమ్ము కవరూ మేం తీసిన దుమ్ము కవరూ రెండూ పట్టుకుని, తమ్ముణ్ని వెంటేసుకుని షాపుకు వెళ్లాను. గొడవ పడాలని వెళ్లలేదు. డబ్బులు తిరిగిస్తే చాలనుకున్నాను.

నేను ఫోను కౌంటర్ మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఫోను చూడలేదు, నా మొహం కూడా చూడలేదు. నా వెనక నిలబడ్డ మా తమ్ముణ్ని చూసి, "తమ్మీ, నువ్వన్న జర అక్కకు సమజ్ చెయ్యి. గేమింగ్ లాప్‌టాప్ అన్నంక వేడి కాకుంటదా? ఆడోళ్లకు ఇవన్ని ఏం తెలుస్తయ్" అన్నాడు. షాపులో ఇంకో నలుగురు కస్టమర్లున్నారు. మా తమ్ముడు "దాని మీద పనిచేసేది అక్కనే, అక్కతోనే మాట్లాడుండ్రి" అన్నాడు. అయినా ఆయన నా వైపు తిరగలేదు.

నేనే అడిగాను, 70 ఎవరు పెట్టారని. విండోస్ అప్‌డేట్‌లో అవే మారుతుంటాయన్నాడు. స్టిక్కర్ ఫొటో చూపించాను. మేం ఇంట్లో కొత్తది అంటించుకుని వచ్చామన్నాడు. అప్పుడు రెండు కవర్లూ పక్కపక్కన పెట్టాను, ఒకటి నల్లది, ఒకటి ఊక రంగుది. "ఈ రెండిట్లో నా లాప్‌టాప్ దుమ్ము ఏది?" అన్నాను. షాపంతా ఒక్క క్షణం చప్పుడు లేదు. లోపలి బల్ల దగ్గర సోల్డరింగ్ చేస్తున్న పిల్లాడు, పద్దెనిమిదేళ్లుంటాయేమో, తలెత్తి నన్ను చూసి వెంటనే దించుకున్నాడు. ఆ పిల్లాడికి అంతా తెలుసు. ఓనర్ తానిచ్చిన నల్ల కవర్ తీసి కాళ్ల దగ్గరున్న డబ్బాలో పడేశాడు. "మీరే ఇప్పుకున్నరు గద, ఇగ మాకేం సంబంధం లేదు. మా గ్యారంటీ గాడనే పోయింది. ఏం జేస్కుంటరో చేస్కోండ్రి" అని పక్కనున్న కస్టమర్ వైపు తిరిగి ఛార్జర్ రేటు చెప్పడం మొదలుపెట్టాడు.

డబ్బులు పోయినందుకు ఇంత బాధ లేదు. నేనక్కడ నిలబడి ఉన్నాను, మాట్లాడుతున్నాను, నా చేతిలో రుజువులున్నాయి. నేను లేనట్టే ఆయన ఛార్జర్ రేటు చెప్పుకుంటున్నాడు. తిరుగు బస్సులో తిప్పర్తి దాటేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

బిల్లు ఉందా అని అడుగుతారు. ఒక చీటీ ఉంది. తెల్లకాగితం మీద "సర్వీస్ 2800" అని రాసి ఒక గీత కింద సంతకం, షాపు పేరు లేదు, తేదీ లేదు. ఇచ్చినప్పుడే అడగాల్సింది. డబ్బు ఫోన్‌పేలో పంపాను కాబట్టి ఆ రికార్డు ఉంది. నిన్న రాత్రే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే అక్కడ ఫీజు లేదు.

మా లాప్‌టాప్ ఇప్పుడు బాగుంది. రేకులు శుభ్రం చేసి, పేస్టు వేసి, హీట్‌సింక్ మీద అచ్చు వేసిన నంబర్ల వరసలోనే స్క్రూలు బిగించాం. అదే ఎక్స్‌పోర్ట్‌లో ఇప్పుడు 84 దగ్గర ఆగుతోంది, స్పీడు 3.2 కన్నా తగ్గడం లేదు, 38 నిమిషాల్లో అయిపోయింది. మే నెలలో, ఏసీ లేని గదిలో.

మీరు ఎక్కడిచ్చినా మీ ముందే విప్పమనండి, వీల్లేదంటే తెచ్చేసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు టెంపరేచర్ ఒక్కటే చూసి సంతోషపడకండి, టాస్క్ మేనేజర్లో స్పీడు కూడా అదే సమయంలో చూడండి. వేడి తక్కువే ఉన్నా లోడ్ మీద స్పీడు బేస్ స్పీడు కన్నా తక్కువ ఉంటే ఏదో చేశారేమోనని అనుమానించాలి. సొంతంగా శుభ్రం చేసుకునేవాళ్లు బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా రెక్కను అగ్గిపుల్లతో ఆపి పట్టుకోండి. ప్యాడ్లు బాగుంటే కదపొద్దు, మందం తేడా వస్తే హీట్‌సింక్ ప్రాసెసర్ మీద సరిగ్గా కూర్చోదు. షాపు పేరు, తేదీ ఉన్న బిల్లు లేకుండా డబ్బు ఇవ్వొద్దు.

ఈ వేసవిలో అదే షాపులో వేడి సమస్యకని ఇచ్చినవాళ్లు ఇవాళే పవర్ ఆప్షన్స్ తెరిచి ఆ అంకె చూసుకోండి. 100 కాకుండా వేరే ఏది ఉన్నా, మీరు పెట్టింది కాకపోతే, ఫొటో తీసి తేదీతో సహా నాకు పంపండి. నా ఫిర్యాదుతో పాటు అదీ జత చేస్తాను.