వేల్స్ పారిశ్రామికవేత్తలు పార్లమెంటుకు వెళ్లిన దారులు: జాన్ గెస్ట్, డేవిడ్ డేవిస్

జాన్ గెస్ట్ పుట్టిందే 1785లో డౌలైస్‌లో, ఇనుము పరిశ్రమ నడిపే కుటుంబంలో. డేవిడ్ డేవిస్ 1818లో లాండినామ్‌లో రైతు ఇంట పుట్టాడు. చిన్న వయసులోనే బడి మానేసి రంపంతో దుంగలు కోశాడు.

గెస్ట్ 1832లో, డౌలైస్ కూడా ఉన్న, కొత్తగా ఏర్పడిన మెర్తిర్ నియోజకవర్గానికి తొలి ఎంపీ అయ్యి, 1852లో చనిపోయేదాకా కొనసాగాడు. కార్మికుల పిల్లలకు బడులు పెట్టించాడు, అది మెచ్చుకోవాల్సిన పనే. కానీ యజమాని, ప్రజాప్రతినిధి ఒకడే అయితే కార్మికుడు తన కష్టం ఎవరితో చెప్పుకోవాలి? పైగా ఆ రోజుల్లో చాలామంది కార్మికులకు ఓటే లేదు.

డేవిస్ రైలు మార్గాల కాంట్రాక్టులతో పైకొచ్చి, 1866లో రోండా లోయలో గని తవ్వి బొగ్గు అందుకున్నాడు. 1874లో లిబరల్ పార్టీ ఎంపీ అయ్యాడు. కార్డిఫ్ రేవులో రద్దీకి విసిగిన గని యజమానులతో కలిసి బ్యారీలో కొత్త రేవు కోసం పోరాడాడు. 1883లో పార్లమెంటు ఆ రేవు బిల్లును తిరస్కరించింది, మరుసటి ఏడాది ఒప్పుకుంది. ఆ రేవు పోటీపడింది కార్డిఫ్‌కు బొగ్గు మోసే టాఫ్ వేల్ రైల్వేతో కూడా. ఆ కంపెనీకి మొదటి చైర్మన్ గెస్టే!

ఐర్లాండ్ స్వపరిపాలన విషయంలో డేవిస్ సొంత నాయకుడు గ్లాడ్‌స్టన్‌నే ఎదిరించి, 1886లో కేవలం 9 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. రాజకీయంగా గెస్ట్‌ది నిలకడైన ప్రయాణం. నాకు మాత్రం డేవిస్ జీవితమే ఎక్కువ నచ్చుతుంది. ఓడిన మూడేళ్లకు, 1889లో, బ్యారీ రేవు తెరుచుకుంది.